పిన్‌బాల్ యంత్రమునకు దగిన దీపమేది?

పిన్‌బాల్ అమెరికా దేశమున చికాగో నగరమునందు వృద్ధిబొందిన యాట. 1931వ సంవత్సరమున గాట్లీబు కంపెనీవారు వెలువరించిన ‘బాఫిల్ బాల్’ దీనిని జనులలో వ్యాపింపజేసెను. ఏటవాలు బల్లమీఁద, గాజుపలక క్రింద, ఉక్కుగోళి దొర్లుచుండును. 1947లో ‘హంప్టీ డంప్టీ’ యంత్రముతో వచ్చిన ఫ్లిప్పరులను రెక్కలతో ఆటగాఁడు దానిని మరల మీఁదికి గొట్టును. బల్లకు వెనుక నిలువుగా నున్న పెట్టె ముందరి గాజుపై రంగుల చిత్రముండును. బల్లను, చిత్రమును వెలిగించుటకు పూర్వము తంతువు గల చిన్న బల్బులు వాడిరి. నేఁటి క్రొత్త యంత్రములు ఎల్.ఇ.డి. దీపములతోనే వచ్చుచున్నవి. ఇఁక పాతయంత్రములలోని బల్బులను దీసివేయవలెనా, వలదా యని వాదము చెలరేగుచున్నది.

ఈ యంత్రములలో విశేషముగా వాడఁబడిన 44వ నంబరు బల్బు 6.3 వోల్టులపై 250 మిల్లీ ఆంపియరులు గైకొనును. విద్యార్థులు తరగతిలో నేర్చిన గుణకారమును జేసిన యెడల ఒక్కొక్కటి యొకటిన్నర వాట్లకు మించుననియు, ఏఁబది బల్బులు సుమారు 79 వాట్లగుననియు దెలియును. అందధిక భాగము వెలుఁగు గాక వేడిమియే. గాజు వెనుక నచ్చువేసిన రంగు ఏండ్లతరబడి కాఁగుచు, చల్లారుచు, తుదకు పెచ్చులై యూడును. ప్లాస్టిక్ పలకలు వంగును. తీగెల కనెక్టరులు మాడును. ఎల్.ఇ.డి. దీపము స్వల్పవిద్యుత్తుతో వెలుఁగుటచే నీ కీడును మిక్కిలి తగ్గించును.

అయినను బల్బు పక్షమున న్యాయము లేకపోలేదు. దాని తంతువు మెల్లగా నెఱ్ఱబాఱి మెల్లగా నారును; ఆ పసుపుపచ్చని వెలుఁగునకే చిత్రకారులు రంగులు గూర్చిరి. తెల్లని తీవ్రమైన ఎల్.ఇ.డి. పెట్టినచో నెఱుపును పసుపును వెలవెలబోవును, ఆటగాని కన్నులు మిఱుమిట్లుగొనును. ఏకాంతర విద్యుత్తుపై నాసిరకపు దీపములు మినుకుమినుకుమనును. కొన్ని యంత్రములలో, ఆరియుండవలసిన దీపము సైతము కొద్దిపాటి విద్యుత్తు చొరఁబడుటచే మసకగా వెలిఁగి, గోళిని దేనికి గొట్టవలెనో తెలియక ఆటగాఁడు భ్రమపడును.

కావున మా యభిప్రాయమిది. చిత్రపు గాజు వెనుక వెచ్చని వన్నెగల ఎల్.ఇ.డి. దీపములనే యుంచవలెను, ఏలయన, ఊడిపోయిన రంగు తిరిగి రాదు. బల్లమీఁద బల్బులే ప్రియమైనవారు 150 మిల్లీ ఆంపియరులు మాత్రమే గైకొను 47వ నంబరు బల్బును వాడుదురు గాక. అదే గూటిలో నమరు దీపములనే కొని, తీగెలను కోయక, తీసిన బల్బులను భద్రపఱుపవలెను. అప్పుడు మన తరువాతివారికి మనము చేసిన మార్పు నచ్చనిచో, వారు క్షణములో పూర్వస్థితికి దేగలరు. పాతవస్తువు చేతనున్నవాఁడు దానికి గృహనిర్వాహకుఁడు. తాను పొందిన చిత్రమును చెడకుండ రాఁబోవువారి కప్పగించుట వాని ధర్మము.