క్రీడాంగణం: జంట ఆటలో ఎదిగిన అమలాపురం కుర్రవాడు

బ్యాడ్మింటన్ అనగానే మనకు స్ఫురించే పేర్లు ప్రకాశ్ పదుకోనె, పుల్లెల గోపీచంద్, సైనా నెహ్వాల్, పి.వి. సింధు. వీరందరూ సింగిల్స్‌లో కీర్తి గడించినవారే. 1980లో ప్రకాశ్, 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ విజేతలైనప్పుడు దేశమంతా పండుగ చేసుకొంది. 2011లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప మహిళల డబుల్స్ కాంస్యం సాధించారు. అయినా జంటల ఆటకు మన దేశంలో దక్కవలసిన ఆదరణ దక్కలేదు. సింగిల్స్‌లో రాణించలేనివారికి డబుల్స్ ఒక ఆశ్రయమన్న అపోహ చాలాకాలం నిలిచిపోయింది. ఆ అపోహ బలంగా ఉన్న రోజులలోనే డబుల్స్‌ను తన మార్గంగా స్వీకరించిన ఒక తెలుగు యువకుని తొలి అడుగులను ఈసారి పరిశీలిద్దాము.

సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2000 ఆగస్టు 13న కోనసీమలోని అమలాపురంలో జన్మించాడు. తండ్రి కాశీ విశ్వనాథం వ్యాయామోపాధ్యాయులు. స్వయంగా బ్యాడ్మింటన్ ఆడినవారు. కనుక రాకెట్ ఆ ఇంటికి కొత్త వస్తువు కాదు. 2014లో, ఇంకా ఉన్నత పాఠశాల వయస్సులోనే, సాత్విక్ ఇల్లు విడిచి హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. సింగిల్స్‌లో ప్రపంచస్థాయి క్రీడాకారులు సాధన చేసే చోట డబుల్స్ బాట పట్టడానికి కొంత తెగువ కావాలి.

ఈ ఆట స్వభావాన్ని ఇక్కడ కొంచెం వివరించాలి. సింగిల్స్ కోర్టు వెడల్పు 17 అడుగులు. డబుల్స్‌లో అది 20 అడుగులు. పెరిగినది మూడడుగులే అయినా ఆట తీరు పూర్తిగా మారిపోతుంది. దాడి చేసేటప్పుడు ఒకరు వెనుక నుండి స్మాష్‌లు కొడుతుంటే మరొకరు నెట్ దగ్గర కాచుకొని ఉంటారు. ఆత్మరక్షణలో ఇద్దరూ పక్కపక్కకు వస్తారు. ఈ మార్పు క్షణంలో, మాట కూడా లేకుండా జరిగిపోవాలి. ఒకరి అంచనా తప్పితే పాయింటు పోయేది ఇద్దరిదీ.

అప్పట్లో భారత డబుల్స్ శిక్షకుడు మలేసియాకు చెందిన టాన్ కిమ్ హెర్. ఆయన సాత్విక్‌ను ముంబాయికి చెందిన చిరాగ్ శెట్టితో జత కలిపారు. చిరాగ్ వయస్సులో మూడేళ్ళు పెద్ద. ఊళ్ళు వేరు, పెరిగిన వాతావరణాలు వేరు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఇద్దరూ ఆజానుబాహులు, ఇద్దరికీ ఇష్టమైన స్థానం కోర్టు వెనుక భాగమే. ఎగిరి స్మాష్ కొట్టడమే ఇద్దరి బలం. మరి నెట్ దగ్గర నిలిచేదెవరు? శిక్షకుడు మాత్రం జంటను విడదీయలేదు. తనకు అలవాటైన చోటు వదలి, తనకు రాని పనిని నేర్చుకోవలసిన అవసరం ఇద్దరికీ ఏర్పడింది. వీరి తొలి సంవత్సరాల కథంతా ఈ నేర్చుకోవడమే.

ఫలితాలు మెల్లగా వచ్చాయి. 2016లో మారిషస్, బంగ్లాదేశ్‌లలోనూ, 2017లో వియత్నాంలోనూ చిన్న స్థాయి అంతర్జాతీయ పోటీలలో విజేతలయ్యారు. 2018లో సర్వీసు నిబంధన మారింది. అంతవరకు నడుముకు దిగువన షటిల్‌ను కొడితే సరిపోయేది. కొత్త నిబంధన ప్రకారం ఎవరి పొడవు ఎంతైనా నేల నుండి 1.15 మీటర్ల లోపునే కొట్టాలి. పొడగరులు వంగక తప్పలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలు వచ్చాయి. మిశ్రమ జట్ల ఫైనల్లో ప్రత్యర్థి మలేసియా. తొలి పోటీలో 17 ఏళ్ళ సాత్విక్, అశ్వినితో కలిసి రియో ఒలింపిక్ రజత విజేతలైన చాన్ పెంగ్ సూన్, గో లియు యింగ్‌లను ఓడించాడు. అదే ఫైనల్లో చిరాగ్‌తో కలిసి మళ్ళీ బరిలోకి దిగి, మరొక రియో రజత జంట గో వి షెమ్, టాన్ వీ కియోంగ్ చేతిలో ఓడిపోయాడు. భారత్ 3-1తో నెగ్గి ఆ విభాగంలో తొలి స్వర్ణం అందుకొంది. పురుషుల డబుల్స్‌లో వీరికి రజతం లభించింది.

2019 ఆగస్టులో బ్యాంకాక్‌లో జరిగిన థాయ్‌లాండ్ ఓపెన్ ఈ తొలి ఘట్టానికి శిఖరం. ఫైనల్లో ఎదుట నిలిచినవారు 2018 ప్రపంచ విజేతలు, చైనా జంట లీ జున్‌హుయ్, లియు యుచెన్. తొలి గేమ్ 21-19తో మనవారిది. రెండవది 18-21తో చేజారింది. నిర్ణాయక గేమ్‌ను 21-18తో గెలుచుకొన్నారు. సూపర్ 500 స్థాయి టైటిల్ గెలిచిన తొలి భారతీయ జంట ఇదే. అప్పటికి సాత్విక్‌కు పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. అదే సంవత్సరం ఫ్రెంచ్ ఓపెన్‌లో నాటి ప్రపంచ విజేతలైన ఇండోనేసియా జంట అహ్సాన్, సెతియవాన్‌లను ఓడించి ఫైనల్ వరకు వెళ్ళారు.

తరువాతి చరిత్ర పాఠకులకు తెలిసినదే. 2022లో థామస్ కప్, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, అదే అక్టోబరులో ప్రపంచ ప్రథమ స్థానం. ఆ మేడకు పునాది మాత్రం నెట్ దగ్గర నిలబడడం నేర్చుకొన్న ఆ తొలి రోజులలోనే పడింది.

మన కాలనీ షటిల్ కోర్టులలో సాయంత్రం వేళ రాకెట్ పట్టే పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరైనా డబుల్స్ ఆడతానంటే, సింగిల్స్ చేతకాకనే అని తల్లిదండ్రులు తొందరపడి తీర్మానించరాదు. యంత్రం ముందు ఇద్దరు కలిసి షిఫ్టు నడిపేవారికి ఈ ఆట మర్మం సులభంగానే బోధపడుతుంది. తన నేర్పు చూపడం ఒక విద్య. తోడివాని నేర్పుకు చోటివ్వడం మరొక విద్య. రెండవది నేర్వడానికే ఎక్కువ కాలం పడుతుంది.