మురుగు కాలువల బాగునకై కోనసీమ ప్రజలకు విజ్ఞప్తి



ప్రభుత్వము చేయు వ్యయము దేశసంపదను పెంచునా, హరించునా యను ప్రశ్నకు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల చేలగట్లపై నిలిచి చూచినచో రెండు సమాధానములును గోచరించును.

1832-33 నాటి నందన కరవును, 1839 నాటి ఉప్పెనయు గోదావరీ తీరమును దరిద్రము పాలుచేసిన పిమ్మట, సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టయు, వైనతేయ పాయ మీదుగా నీటిని దాటించిన గన్నవరము అక్విడక్టును ప్రభుత్వధనముతోనే వెలసినవి. ఆ వ్యయమును శంకించినవారు నాడును కలరు; కాని పండిన వరి కూలియై, వర్తకమై, శిస్తై తిరిగి బొక్కసమునకే చేరినది.

అట్లని ప్రతి ఖర్చును మేలని మేము వాదింపము. పన్నుగా గైకొన్న రూపాయి, ప్రజల చేతనుండి చేయగల మేలుకంటె మిన్నయగు మేలు చేయనినాడు అది నష్టమే. ఫలమీయని పనికై తెచ్చిన అప్పు బిడ్డల నెత్తిన భారమే.

నేడు మన మురుగు కాలువలలో తూడును గుర్రపుడెక్కయు అల్లుకొని, పూడిక పేరుకొని, సముద్రపు మొగలు ఇసుకతో మూసికొనిపోగా, సార్వా చేలు వానకు మునుగుచున్నవి. 2011లో కోనసీమ రైతులు సార్వా విడిచి పంట విరామము పాటించుటకు గిట్టుబాటు ధర లేమితోపాటు ఈ ముంపును కారణమయ్యెను; 2022లోను ఆ మాట మరల వినవచ్చెను. చేను బీడుపడిన నష్టము రైతుతో ఆగదు: నాట్ల కూలీలకు పని యుండదు, ఎరువుల కొట్టుకు బేరము తగ్గును, ధాన్యపు మిల్లు మూతపడును. కాలువలు బాగుచేయు పనిని ఎవరికి వారే చేసికొనరాదా యందురేమో. ఒక రైతు త్రవ్వుకొన్న కాలువ పొరుగువాని చేనిలోనే ఆగును. అనేక గ్రామములు దాటి కడలి చేరవలసిన కాలువకు సమష్టి ధనమే శరణ్యము.

కావున మేము కోరునవి మూడు:

1. వేసవిలో సాగుకాలువలు కట్టివేసిన దినములలోనే పూడికతీత ముగియవలెను. వానలు పడిన పిమ్మట చేయు పనికి కొలతయు నిలువదు, ఫలమును నిలువదు.

2. పని మొగ వద్ద మొదలై ఎగువకు సాగవలెను; ఎగువను మాత్రమే బాగుచేసినచో దిగువవారికి ముంపు హెచ్చును.

3. అంచనాలు, కొలతలు, బిల్లులు గ్రామసభలో చదివి వినిపించి, 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘము అంగీకరించిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.

రాబోవు గ్రామసభలో ఈ మూడింటిని తీర్మానముగా ఆమోదించి, సంతకములు చేసి, జలవనరుల శాఖకును మీ శాసనసభ్యులకును పంపుడు. ఖర్చు వలదనక, ఖర్చుకు లెక్కను, లెక్కకు ఫలమును అడుగుట పన్ను చెల్లించు ప్రతి పౌరుని హక్కు, ధర్మము.