సీసా మీది పది రూపాయలు ఎవరివి?

ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు తిరిగిచ్చే పద్ధతి మనకి కొత్త కాదు. గోలీసోడా, కూల్‌డ్రింకు గాజు సీసాల్లో వచ్చే రోజుల్లో, సీసా ఇంటికి పట్టుకెళ్తామంటే కొట్టువాడు సీసా డబ్బులు కట్టి వెళ్ళమనేవాడు. సాయంత్రం పిల్లల చేత ఖాళీ సీసా పంపించి ఆ డబ్బులు తెప్పించుకునేవాళ్ళం. గ్యాస్ సిలిండర్‌కి ఇవాళ్టికీ డిపాజిట్ కడుతున్నాం. ఇప్పుడు అదే పద్ధతి చట్టం రూపంలో, పర్యావరణం పేరుతో తిరిగి వస్తోంది. తమిళనాడులో మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022 మేలో నీలగిరి జిల్లాలో మద్యం సీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగివ్వడం మొదలుపెట్టారు. తర్వాత మిగతా జిల్లాలకు విస్తరించారు. కేరళలో 2025 సెప్టెంబరులో మద్యం సీసాలకి 20 రూపాయల డిపాజిట్‌తో ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. గోవా ప్రభుత్వం 2024లో ఇంకా చాలా రకాల ప్యాకింగులకు వర్తించేలా ఒక పథకాన్ని నోటిఫై చేసింది. మన రెండు రాష్ట్రాల్లోనూ రేపోమాపో ఈ మాట వస్తుంది. వచ్చాక కంగారుపడేకంటే ముందే మనలో మనం మాట్లాడుకోవడం మంచిదని ఇది రాస్తున్నాను.

పర్యావరణం మీద జరిగే సదస్సుల్లో దీని గురించి ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. "డబ్బు పోతుందంటేనే జనానికి బుద్ధి వస్తుంది" అంటారు వక్తలు. చెత్త ఏరుకుని బతికే ఆడవాళ్ళ మధ్య చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న నాకు ఆ మాట విన్నప్పుడల్లా ఒకటే సందేహం. ఏ జనానికి?

ముందు న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. డిపాజిట్ చట్టాల వల్ల సీసాలు తిరిగి వస్తాయి. ఇందులో వాదన అక్కర్లేదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 1971లో ఆ దేశంలోనే మొదటిసారిగా ఈ చట్టం చేసింది, 5 సెంట్ల డిపాజిట్‌తో. దశాబ్దాలు గడిచి ఆ 5 సెంట్లకి విలువ లేకుండా పోయేసరికి 2016 నాటికి తిరిగొచ్చే సీసాలు 64 శాతానికి పడిపోయాయి. 2017 ఏప్రిల్లో డిపాజిట్‌ని 10 సెంట్లు చేశారు. రెండేళ్ళు తిరిగేసరికి 80 శాతం దాటింది. లిథువేనియాలో చట్టానికి ముందు ప్లాస్టిక్ సీసాల్లో మూడో వంతు మాత్రమే తిరిగి వచ్చేవి. 2016లో డిపాజిట్ పెట్టారు. 2017 చివరికి 90 శాతం పైకి వెళ్ళింది. అదే న్యూయార్క్‌లో 1983 నుంచి 5 సెంట్లే నడుస్తోంది. అప్పటి 5 సెంట్లూ ఇప్పటి 5 సెంట్లూ ఒకటేనా? రేటు పెరగని కూలీలాగే పెరగని డిపాజిట్ కూడా ఏటేటా కరిగిపోతుంది.

జర్మనీ అనుభవంలో మనం మరీ శ్రద్ధగా చూడాల్సిన విషయం ఒకటి ఉంది. 2003లో అక్కడ వాడి పారేసే సీసాల మీద 25 సెంట్ల డిపాజిట్ పెట్టినప్పుడు, చాలా పెద్ద దుకాణాలు తమ దగ్గర కొన్న సీసాల్నే తీసుకుంటామన్నాయి. వేరేచోట కొన్న సీసా తెస్తే వెనక్కి పంపేవి. ఆ వెసులుబాటుని 2006 మేలో తీసేశారు. ఆ రకం సామగ్రితో చేసిన సీసాలు అమ్మే దుకాణం, ఎవరు ఎక్కడ కొన్నదైనా తీసుకుని తీరాలన్నారు. ఇదేదో దుకాణాల సౌకర్యానికి సంబంధించిన చిన్న వివరంగా కనిపిస్తుంది. కాదు. సీసాని కొన్న మనిషే తిరిగివ్వాలా, చేతిలో సీసా ఉన్న ఎవరైనా ఇవ్వచ్చా అన్నది ఇక్కడే తేలిపోతుంది. "కొన్న చోటే ఇవ్వాలి", "బిల్లు చూపించాలి" అని ఒక్క వాక్యం నిబంధనల్లో చేరితే చాలు, రోడ్డు పక్కన, కాలవగట్టున, పెళ్ళి మండపం వెనక సీసాలు ఏరే ఆడమనిషి ఆ చట్టంలో లేకుండా పోతుంది.

ఆ మనిషి అన్ని దేశాల్లోనూ ఉంది. జర్మనీలో పెన్షన్ చాలని ముసలివాళ్ళు చెత్తబుట్టల్లో చేతులు పెట్టి సీసాలు వెతుక్కుంటారు. వాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టనక్కర్లేకుండా ఖాళీ సీసాని బుట్ట పక్కన నిలబెట్టి వెళ్ళండని అక్కడ 2011లో ఒక ప్రచారమే నడిచింది. న్యూయార్క్‌లో వేరే దేశాల నుంచి వచ్చిన వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఎందరో తెల్లవారకముందే బండ్లు తోసుకుంటూ డబ్బాలు ఏరతారు. "జనం రీసైకిల్ చేస్తున్నారు" అని లెక్కల్లో రాసే ప్రతి శాతంలోనూ వీళ్ళ నడుంనొప్పి ఉంది. కొన్నవాడు పారేస్తాడు, లేనివాళ్ళు ఏరి తెస్తారు, లెక్కలో మాత్రం పౌరుడి బాధ్యత పెరిగినట్టు కనబడుతుంది.

మన దేశంలో అయితే ఇది ఇంకా స్పష్టం. డిపాజిట్లూ చట్టాలూ ఏవీ లేకుండానే మన ప్లాస్టిక్ నీళ్ళ సీసాల్లో చాలా భాగం ఫ్యాక్టరీలకి తిరిగి చేరుతున్నాయి. చేరుస్తున్నది ఎవరు? గోనెసంచి భుజాన వేసుకుని తెల్లవారుజామున బయలుదేరే దళిత, ముస్లిం, సంచార కులాల పేదలు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. లీటరు నీళ్ళ సీసాలు కిలో తూగాలంటే 40కి పైనే ఏరాలి. ఆ కిలోకి పాతసామాన్ల కొట్టులో ఎంతిస్తే అంత పుచ్చుకోవాలి. తడిసిందని కొంత, మూతలున్నాయని కొంత కోస్తారు. అదే సీసా మీద 10 రూపాయల డిపాజిట్ ఉంటే 40 సీసాలకి 400 రూపాయలు. ఈ లెక్క మా సంఘం సమావేశంలో చెప్పినప్పుడు ఆడవాళ్ళు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకామె అడిగింది: "మరి ఆ పైసలు మాదాంక రానిస్తరా అక్కా?"

ఆమె అనుమానానికి కారణాలున్నాయి. విలువలేనంత కాలం చెత్త ఆడవాళ్ళది. విలువ రాగానే దానికి మగ యజమానులు పుట్టుకొస్తారు. హైదరాబాద్‌లో 2015 నుంచి ఇంటింటికీ చెత్త ఆటోలు వచ్చాయి, తర్వాత వీధి కుండీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నగరం శుభ్రంగా కనిపించిందని అందరం సంతోషించాం. ఆ కుండీల మీద బతికిన ఆడవాళ్ళకి ఆటో రాలేదు, డ్రైవర్ లైసెన్సు రాలేదు, అప్పూ రాలేదు. తమిళనాడులో మద్యం దుకాణాల పక్క బార్లు నడిపే కాంట్రాక్టర్లకి, ఖాళీ సీసాలు పోగుచేసుకునే హక్కు టెండర్లోనే రాసి ఉంటూ వచ్చింది. ఖాళీ సీసా మీద కాంట్రాక్టరుకి రాతపూర్వకమైన హక్కు, ఏరే మనిషికి ఎవరైనా తరిమెయ్యగలిగే అలవాటు! డిపాజిట్ పథకం వచ్చాక కూడా ఈ తేడా దానంతట అది పోదు. పది రూపాయల సీసాల కోసం బళ్ళు వేసుకుని వచ్చేవాళ్ళు వస్తారు, గోనెసంచి వెనక్కి పోతుంది.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని సదస్సుల్లో ఎవరూ ఎత్తరు. మద్యం సీసా తిరిగి ఇవ్వాల్సింది మద్యం దుకాణంలో. మన దగ్గర వైన్‌షాపు కిటికీ ముందు సాయంత్రం పూట ఆడమనిషి నిలబడగలదా? పర్మిట్ రూముల పక్క సందుల్లో సీసాలు ఏరే ఒకామె నాతో అన్న మాట: "ఆడ నిలబడితే సీసా ఇయ్యనీకి వచ్చిందంటరా అక్కా? తాగనీకి వచ్చిందంటరు." అందుకని ఆమె ఏం చేస్తుంది? తన సీసాలు ఎవరో ఒక మగవాడికిచ్చి పంపుతుంది. పదిలో అయిదు వాడికి. లేదా మొగుణ్ణే పంపుతుంది. సీసాలిచ్చిన డబ్బుతో అతను అదే కిటికీలో ఏం కొనుక్కొస్తాడో మీకు నేను చెప్పాలా? ఇక పల్లెల్లో బెల్టుషాపుల సంగతి. చట్టం ప్రకారం అవి లేనే లేవు. లేని దుకాణం సీసా ఎలా వెనక్కి తీసుకుంటుంది?

ఇక్కడ కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటాన్ని భుజాన మోసినవాళ్ళం, 1993లో సారా నిషేధాన్నీ, 1995లో సంపూర్ణ మద్య నిషేధాన్నీ సాధించుకుని, 1997లో దాన్ని ఎత్తేస్తే వీధుల్లోకి వచ్చినవాళ్ళం. మనం ఇప్పుడు మద్యం సీసాల డిపాజిట్ గురించి చర్చించడమేమిటని. మద్యం దుకాణానికి పచ్చరంగు పూసి గౌరవం తెచ్చిపెట్టే పథకమిదని ఒక స్నేహితురాలు నాతో గట్టిగానే వాదించింది. ఆమె కోపంలో నిజం ఉంది. కానీ తాగి పగలగొట్టిన సీసా పెంకులు ఎవరి కాళ్ళలో గుచ్చుకుంటున్నాయి? కూలికెళ్ళి చేలో నాట్లు వేసే ఆడవాళ్ళ కాళ్ళలో, ఏరుకునేవాళ్ళ చేతుల్లో. నీలగిరిలో ఈ పథకం రావడానికి అడవిలో పడేసిన సీసాల వల్ల ఏనుగులకీ మిగతా జంతువులకీ అవుతున్న గాయాలు ఒక ముఖ్య కారణం. మన కాళ్ళు కూడా కోర్టు దాకా వెళ్ళాలి కదా. మద్యం మీద పోరాటం వదలకుండానే ఈ మాటా మాట్లాడచ్చని నా అభిప్రాయం.

డబ్బు ఏ చేతికి వస్తుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కేదార్‌నాథ్ యాత్రలో 2022లో ప్లాస్టిక్ సీసాలకి 10 రూపాయల డిపాజిట్ పెట్టినప్పుడు సీసా మీద క్యూఆర్ కోడ్ అంటించారు. దాని సాంకేతిక ఏర్పాటు మన హైదరాబాద్ కంపెనీదే. ఇప్పుడు ఎక్కడ పథకం గురించి మాట్లాడినా కోడ్, స్కానింగ్, యూపీఐ అనే మాటలు వినిపిస్తాయి. మేం పనిచేసే బస్తీల్లో చాలా ఇళ్ళలో ఫోను ఒక్కటే ఉంటుంది, అది కొడుకు దగ్గరో మొగుడి దగ్గరో ఉంటుంది. బ్యాంకు ఖాతాకి కలిపిన నంబరూ అదే. సీసా ఆమె ఏరుతుంది, డబ్బు వచ్చిన శబ్దం అతని జేబులో వినిపిస్తుంది. యంత్రాలు దోపిడీ చెయ్యవు, మనుషులే చేస్తారని అంటారు; కానీ నగదు ఇవ్వని యంత్రం ఎవరి పక్షాన ఉన్నట్టు?

ఇంటి సంగతి కూడా మర్చిపోకూడదు. రేపు పాల ప్యాకెట్లకి, నూనె డబ్బాలకి, షాంపూ సీసాలకి ఇదే పద్ధతి వస్తే, కడిగి ఆరబెట్టి సంచిలో దాచి దుకాణానికి మోసేది ఎవరు? మహారాష్ట్రలో 2019లో పాలప్యాకెట్‌కి 50 పైసల డిపాజిట్ అని ప్రకటించారు. ఆ యాభై పైసల కోసం ప్యాకెట్లు కడిగి దండెం మీద ఆరేసే పని ఇంటి మగవాడు చేస్తాడని ప్రకటన చేసినవాళ్ళు అనుకున్నారో లేదో! బస్తీలో చిన్న కిరాణా కొట్టు నడిపే ఒంటరి ఆడవాళ్ళ మీద పడే భారం వేరు. ముందుగా డిపాజిట్ కట్టి సరుకు తెచ్చుకోవాలి, ఖాళీలు పెట్టుకోవడానికి ఆ అగ్గిపెట్టె కొట్టులో చోటు చూసుకోవాలి.

ఇన్ని చెప్పాక నేను డిపాజిట్ చట్టాన్ని వ్యతిరేకిస్తున్నాననుకుంటారేమో. లేదు. కావాలంటున్నాను. ఏరే మనిషి శ్రమకి ఒక కచ్చితమైన ధర, కొట్టువాడి దయతో పనిలేని ధర, రాసిపెట్టే పద్ధతి నాకు తెలిసినంతలో ఇదొక్కటే. అయితే ఆ రాతలో ఏముండాలో మనం చెప్పాలి. డిపాజిట్ సీసాది, కొన్నవాడి బిల్లుది కాదు. తెచ్చిన మనిషి ఎవరైనా అక్కడికక్కడ నగదు ఇవ్వాలి. సేకరణ కేంద్రాలు మద్యం దుకాణానికి దూరంగా, ఏరుకునే ఆడవాళ్ళ సహకార సంఘాల చేతిలో ఉండాలి, సీసాకి ఇంత అని నిర్వహణ రుసుం కంపెనీలే కట్టాలి. న్యూయార్క్‌లో కంపెనీలు సేకరణ కేంద్రాలకి డబ్బా ఒక్కింటికి 3.5 సెంట్లు ఇస్తున్నాయి. మనవాళ్ళు నడపలేరని ఎవరైనా అంటే పుణె చూపించండి. అక్కడ 1993లో సంఘం పెట్టుకున్న చెత్త ఏరేవాళ్ళు, 2008 నాటికి నగరంలో ఇంటింటి సేకరణని తమ సొంత సహకార సంస్థ ద్వారా చేపట్టారు. సభ్యుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవాళ్ళని గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలన్నాయి. ఆ మాటని అరువు తెచ్చుకోనక్కర్లేదు.

చివరికి తిరిగి రాని సీసాల డబ్బు. పదిలో ఒక్కటి రాకపోయినా కోట్ల సీసాల మీద అది ఎంత మొత్తమో ఊహించండి. జర్మనీలో అది కంపెనీల దగ్గరే ఉండిపోతుంది. మిషిగాన్‌లో 75 శాతం ప్రభుత్వ శుభ్రత నిధికి వెళ్తుంది. మన దగ్గర అది ఎవరి ఖాతాలో పడాలో పథకం వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది. ఏరేవాళ్ళ వైద్యానికీ, పెన్షన్‌కీ, పిల్లల చదువుకీ ఒక నిధిగా పెట్టాలని మా సంఘం ఒక వినతిపత్రం తయారుచేస్తోంది. దానికి వివరాలు కావాలి. మీ ఊళ్ళో ఖాళీ క్వార్టరు సీసాకి, కిలో ప్లాస్టిక్ సీసాలకి పాతసామాన్ల కొట్టులో ఎంతిస్తున్నారు, ఏరేవాళ్ళలో ఆడవాళ్ళెందరు, వాళ్ళని ఎక్కడెక్కడ ఏరనివ్వడం లేదు అన్నవి కనుక్కుని వచ్చే సంచికలోగా పత్రిక చిరునామాకి రాసి పంపండి.