పక్క తడిపే పిల్లలు - పెద్దల బాధ్యత

ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్ళు. మూడవ తరగతి చదువుతున్నాడు. ఆటపాటలలో చురుకైనవాడు. విశాఖపట్నంలో మేనత్త కూతురి పెళ్ళికి ఇల్లంతా ప్రయాణమవుతూ ఉంటే వాడొక్కడే రానని మొండికేశాడు. కొత్త బట్టలు చూపించినా, సముద్రపు ఒడ్డుకు తీసుకువెళతామని ఆశపెట్టినా లొంగలేదు. తండ్రికి కోపం వచ్చింది. “ఈ మంకుతనం ఎవరి దగ్గర నేర్చుకున్నావురా?” అని గద్దించాడు. పిల్లవాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడే గాని కారణం చెప్పలేదు.

కారణం తల్లికి తెలుసు. పెళ్ళింట్లో పిల్లలందరికీ వరుసగా ఒకే గదిలో పక్కలు వేస్తారు. తెల్లవారేసరికి తన పక్క మాత్రమే తడిసి ఉంటుందేమోనని వాడి భయం. ఇంట్లో అది రహస్యమేమీ కాదు. వారంలో నాలుగైదు రోజులు దుప్పటి దండెం మీదికి ఎక్కుతూనే ఉన్నది. తండ్రి విసుక్కున్నాడు, తల్లి బతిమాలింది, చెల్లెలు ఎగతాళి చేసింది. ఎవరేమి చేసినా ఫలితం లేకపోయింది.

ఇటువంటి ఇళ్ళు మన దేశంలో ఎన్నో ఉన్నవి. అయితే జ్వరం వచ్చిందనీ దగ్గు వచ్చిందనీ చెప్పుకున్నంత తేలికగా ఈ సంగతి ఎవరూ బయటకు చెప్పుకోరు. అందువల్ల ప్రతి తల్లీ ఈ ఇబ్బంది తన బిడ్డకు మాత్రమే ఉన్నదని అనుకుంటుంది. ప్రతి బిడ్డా లోకంలో తనవంటివాడు ఇంకొకడు లేడని కుమిలిపోతాడు.

ఎంతమందికి ఉన్నది?

నిద్రలో తెలియకుండా మూత్రం పోవడాన్ని వైద్యులు ‘ఎన్యురెసిస్’ అంటారు. ఆయుర్వేదంలో దీనికి శయ్యామూత్రమని పేరు. అయిదేళ్ళు నిండేవరకు దీనిని వ్యాధిగా ఎంచనే కూడదు. అయిదేళ్ళ పిల్లలలో నూటికి సుమారు 15 మంది, పదేళ్ళ పిల్లలలో నూటికి సుమారు 5గురు రాత్రిళ్ళు పక్క తడుపుతారు. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఈ సంఖ్య నూటికి ఒకరిద్దరికి దిగిపోతుంది. ఆడపిల్లలకంటె మగపిల్లలలో ఇది ఎక్కువ. నలభైమంది ఉన్న మూడవ తరగతిలో ఇటువంటివారు ఇద్దరో ముగ్గురో ఉండడం సహజం. ఏ చికిత్సా లేకుండానే ఏటా నూటికి 15 మంది పిల్లలు దీనినుండి బయటపడుతూ ఉంటారు.

వంశపారంపర్యానికి కూడా ఇందులో పెద్ద పాత్ర ఉన్నది. తల్లిదండ్రులలో ఒకరికి చిన్నతనంలో ఈ అలవాటు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి సుమారు 44 పాళ్ళు. ఇద్దరికీ ఉంటే సుమారు 77 పాళ్ళు. ఇద్దరికీ లేనప్పుడు 15 పాళ్ళు మాత్రమే.

నిద్రలో జరిగేదేమిటి?

రాత్రి కాగానే మెదడునుండి వాసోప్రెసిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలై, మూత్రం తయారీని తగ్గించమని మూత్రపిండాలకు చెబుతుంది. కొందరు పిల్లలలో ఈ ఏర్పాటు ఆలస్యంగా కుదురుకుంటుంది. వారికి పగలు ఎంతో రాత్రీ అంతే మూత్రం తయారవుతూ ఉంటుంది. ఇది ఒక కారణం. రెండవది మూత్రాశయానికి సంబంధించినది. పిల్లల వయస్సుకు ఒకటి కలిపి 30 చేత గుణిస్తే వారి మూత్రాశయం ఎన్ని మిల్లీలీటర్లు పట్టగలదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆ లెక్కన ఎనిమిదేళ్ళ బిడ్డకు 270 మిల్లీలీటర్లు పట్టాలి. కొందరిలో అది నిండకముందే ముడుచుకొని మూత్రాన్ని వదిలివేస్తుంది. మూడవది నిద్ర. మూత్రాశయం నిండిన కబురు మెదడుకు అందినా బిడ్డకు మెలకువ రాదు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ బిడ్డ చేతిలో ఉన్నది కాదు. బద్ధకంవల్ల గాని, పెద్దలమీద కోపంతో గాని ఏ బిడ్డా గాఢనిద్రలో పక్క తడపడు.

వీటికి తోడు మన ఇళ్ళలో ఎవరూ అనుమానించని కారణం ఇంకొకటి ఉన్నది. అది మలబద్ధకం. మలాశయం మూత్రాశయానికి వెనుకనే ఉంటుంది. అందులో గట్టిపడిన మలం పేరుకొన్నప్పుడు అది మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఎనిమిదేళ్ళ బిడ్డకు విరేచనం సరిగా అవుతున్నదా అని అడిగితే చాలామంది తల్లిదండ్రులు జవాబు చెప్పలేరు. ఆకుకూరలు, పండ్లు, చాలినంత నీరు, రోజూ ఒకే వేళకు మరుగుదొడ్డికి వెళ్ళే అలవాటు, అవసరమైతే వైద్యుని సలహాపై మందు, ఇవి మలబద్ధకాన్ని సరిచేస్తాయి. దానితోనే కొందరిలో పక్క తడవడం కూడా ఆగిపోతుంది.

బడి సంగతి కూడా ఆలోచించవలసి ఉన్నది. మరుగుదొడ్లు అపరిశుభ్రంగా ఉన్నందువల్ల ఎందరో పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడిలో నీళ్ళు తాగకుండా, మూత్రానికి పోకుండా సాయంకాలం వరకు బిగబట్టుకొని ఉంటారు. ఇంటికి రాగానే దాహంకొద్దీ చెంబెడు నీళ్ళు తాగుతారు. ఆ నీరంతా రాత్రికి మూత్రాశయంలో చేరుతుంది. తల్లి రాత్రివేళ బిడ్డను తిట్టుకోవడం కంటె పగటివేళ బడికి వెళ్ళి ఆ మరుగుదొడ్డి ఎలా ఉన్నదో చూసి రావడం ఎక్కువ ప్రయోజనకరం.

దెబ్బకు దెయ్యం కూడా భయపడుతుందంటారు గాని

పక్క తడిపినందుకు కొట్టడం, తడిసిన బట్టలతోనే నిలబెట్టడం, ఇరుగుపొరుగుల ముందు చెప్పి సిగ్గుపరచడం, చివరకు వాతలు పెట్టడం కూడా కొన్ని ఇళ్ళలో జరుగుతూ వచ్చినవే. ఇది మన దేశానికే పరిమితమైనది కాదు. ప్రసిద్ధ ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1903లో మన బీహారులోని మోతీహారిలో పుట్టాడు. ఎనిమిదవ ఏట ఇంగ్లండులో ఒక వసతి పాఠశాలలో చేరాడు. ఇల్లు విడిచిన కొత్తలో ఆ పిల్లవాడు మళ్ళీ పక్క తడపడం మొదలుపెట్టాడు. అలా జరగకూడదని రాత్రిళ్ళు దేవుణ్ణి ప్రార్థించేవాడు. అయినా జరిగేది. గుర్రపు కొరడాతో ప్రధానోపాధ్యాయుడు అతణ్ణి కొట్టాడు. ఆర్వెల్ 1950లో చనిపోయిన తరువాత, 1952లో అచ్చయిన ‘సచ్, సచ్ వర్ ది జాయ్స్’ అనే వ్యాసం ఈ సంఘటనతోనే మొదలవుతుంది.

ఆ వ్యాసంలో ఆయన ఒక సంగతి దాచలేదు. ఆ దెబ్బల తరువాత పక్క తడవడం ఆగిపోయిందని ఒప్పుకున్నాడు. అయితే దానికి చెల్లించవలసి వచ్చిన మూల్యం చాలా ఎక్కువని కూడా అన్నాడు. తన ప్రమేయం లేకుండా తనకు జరిగినదానికి తాను పాపినయ్యానన్న భావం ఆ పసిమనస్సులో నాటుకొన్నది. నలభై ఏళ్ళు దాటినా అది చెరగలేదు గనుకనే వ్యాసంగా వెలువడింది. దెబ్బలు పని చేస్తాయని వాదించే పెద్దలు ఈ రెండవ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దెబ్బలవల్ల పెరిగిన భయం పక్క తడవడాన్ని ఇంకా ఎక్కువ చేసిన సందర్భాలు కూడా తక్కువేమీ కాదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

పుట్టినప్పటినుండి ఆగని అలవాటు వేరు. ఆరు నెలలో అంతకు మించో పక్క తడపకుండా ఉన్న బిడ్డ మళ్ళీ మొదలుపెట్టడం వేరు. ఈ రెండవదానికి ఏదో ఒక కారణం ఉంటుంది. కొత్తగా తమ్ముడో చెల్లెలో పుట్టడం, బడి మారడం, ఇంట్లో చావు, తల్లిదండ్రుల తగాదాలు, తోటిపిల్లల వేధింపు ఇందుకు కారణాలు కావచ్చును. ఎవరైనా బిడ్డతో అసభ్యంగా ప్రవర్తించినప్పుడు కూడా ఇలా జరగవచ్చును. బిడ్డ నోటితో చెప్పలేని మాట ఇలా బయటపడుతున్నదేమోనని పెద్దలు శాంతంగా ఆలోచించాలి.

శరీరానికి సంబంధించిన కారణాలలో ముఖ్యమైనది మధుమేహం. అది పసిపిల్లలకు కూడా వస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికి మూత్రం, తింటున్నా చిక్కిపోవడం కనిపిస్తే ఆ రోజే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. వీటితోపాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే గంటకూడా ఆలస్యం చేయరాదు. మూత్రంలో మంట, జ్వరం, పగటిపూట కూడా బట్టలు తడవడం, ముక్కి ముక్కి మూత్రం పోయవలసి రావడం, బట్టల్లో విరేచనం, నడకలో మార్పు, నడుము కింద వెన్నెముకపై వెంట్రుకల కుచ్చు లేక గుంట, నిద్రలో ఆగి ఆగి గురకపెట్టడం, ఇవి కూడా వైద్యునికి చూపవలసిన లక్షణాలే. ఇవేవీ లేనప్పుడు సామాన్యంగా మూత్రపరీక్ష ఒక్కటే సరిపోతుంది.

ఇంట్లో చేయదగినవి

మొదట రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో వివరాలు రాయాలి. ఏ రాత్రి తడిసింది, పగలు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళాడు, ఎప్పుడెప్పుడు ఎంత నీరు తాగాడు, విరేచనం అయిందా లేదా అన్నవి చాలు. వైద్యునికి ఈ పుస్తకం ఎంతో ఉపయోగపడుతుంది.

నీరు మాన్పించడం పొరపాటు. రోజు మొత్తంమీద తాగవలసిన నీటిలో ఎక్కువ భాగం ఉదయం, మధ్యాహ్నం తాగేటట్లు చూసి, సాయంకాలం తరువాత తగ్గించాలి. మన ఎండాకాలంలో దాహమన్న బిడ్డకు నీరు నిరాకరించరాదు. టీ, కాఫీ, కోలా పానీయాలు వద్దు. పడుకొనేముందు ఇచ్చే గ్లాసెడు పాలను సాయంకాలానికి మార్చవచ్చును. పగలు రెండు మూడు గంటలకొకసారి, నిద్రకు ముందు తప్పక మూత్రానికి పంపాలి. మరుగుదొడ్డి పెరట్లో ఉంటే దారిలో దీపమో, చేతికందేచోట టార్చిలైటో ఉంచాలి. చీకటికి భయపడి లేవని పిల్లలు ఉన్నారు.

నడిరాత్రి సగం నిద్రలో ఎత్తుకుపోయి మూత్రం పోయిస్తే ఆ రాత్రికి పక్క పొడిగా ఉంటుంది గాని అలవాటు మారదు. పరుపుమీద రబ్బరు షీటు, దానిపై నూలు దుప్పటి వేస్తే చాకిరీ తగ్గుతుంది. పొద్దున దుప్పటి మార్చడంలో బిడ్డ సాయపడవచ్చును. అది శిక్షగా మాత్రం ఉండకూడదు. బడికి పోయేముందు స్నానం చేయిస్తే వాసన రాదు, తోటివారు హేళన చేయరు. పొడిగా ఉన్న రాత్రికి బహుమతి ఇవ్వడంకంటె, పడుకొనేముందు మూత్రానికి వెళ్ళినందుకు మెచ్చుకోవడం న్యాయం. మొదటిది బిడ్డ చేతిలో లేదు, రెండవది ఉన్నది.

చికిత్సలు

ఆరేడు సంవత్సరాల వయస్సు వచ్చినా తగ్గక, బిడ్డ బాధపడుతూ ఉంటే చికిత్స ఉన్నది. 1904లో ఫౌండ్లర్ అనే పిల్లల వైద్యుడు పసివారి పక్క తడవగానే నర్సులకు తెలియడానికి గంట మోగే పరికరం ఒకటి ఏర్పాటు చేశాడు. ఆశ్చర్యకరంగా పిల్లలు పక్క తడపడమే తగ్గింది. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దీనిని చికిత్సగా రూపొందించారు. నేటి అలారం పరికరాలు దాని సంతతే. రెండు మూడు నెలలు ఓపికగా వాడితే సుమారు మూడింట రెండు వంతుల మందికి గుణమిస్తుంది. మొదటి వారాలలో గంటకు బిడ్డ లేవడు. పెద్దలే లేచి బిడ్డను లేపాలి.

డెస్మోప్రెసిన్ మాత్ర ఆ రాత్రికి మూత్రాన్ని తగ్గిస్తుంది. ప్రయాణాలకు, శిబిరాలకు అనుకూలమైనది. కాని మాత్రకు ఒక గంట ముందునుండి ఎనిమిది గంటల తరువాతి వరకు నీరు ఎక్కువగా తాగరాదు. తాగితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛలు రావచ్చును. అందువల్ల వైద్యుని సలహా లేనిదే వాడరాదు. పూర్వం విరివిగా ఇచ్చిన ఇమిప్రమిన్ మాత్రలు మోతాదు మించితే గుండెకు ప్రమాదం. ఒక బిడ్డకు రాసిన మందు ఇంకొక బిడ్డకు ఇవ్వడం ఎన్నడూ తగదు.

వసతి గృహాలకు పంపే తల్లిదండ్రులు ఈ విషయం వార్డెనుకు ముందే ఏకాంతంగా చెప్పి, అదనపు దుప్పట్లు ఇచ్చి రావాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడులలో దేహశిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098, మనోవ్యథకు సలహాకోసం 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చును.

ఆ పెళ్ళి ప్రయాణం నాటి రాత్రి నాయనమ్మ కొడుకును వెనుక వరండాలోకి పిలిచింది. “వాణ్ణి ఏమీ అనకురా. నీకు పదో ఏడు దాటేవరకు నేనూ రోజూ బొంతలు ఉతికినదాన్నే. మీ నాన్న నిన్ను కొట్టబోతే అడ్డం పడ్డది ఎవరనుకున్నావు?” అన్నది. అతడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత వెళ్ళి కొడుకు పక్కలో కూర్చున్నాడు. ఆ మాట వాడికి తానే చెప్పాడు. పిల్లవాడు మొదట నమ్మలేదు. “నువ్వా నాన్నా?” అని రెండుసార్లు అడిగాడు.

మరునాడు పెట్టెలో కొత్త బట్టల కింద రబ్బరు షీటు కూడా చేరింది. తల్లి ఆడపడుచుకు ఫోను చేసి, పిల్లవాడు తమ గదిలోనే పడుకుంటాడని చెప్పింది. పెళ్ళింట మూడు రాత్రులలో ఒక రాత్రి పక్క తడిసింది. మేనత్త ఆ దుప్పటిని తక్కిన బట్టలతోపాటు ఉతకడానికి వేసింది. ఆమె ఏమీ అడగలేదు. పిల్లవాడు అప్పటికే మిగతా పిల్లలతో కలిసి సముద్రం చూడడానికి బయలుదేరి వెళ్ళాడు.