మాన్పించే తొందరలో మనిషిని పోగొట్టుకోకండి

కార్తీకం వస్తే మన ఊళ్లలో ఎంతోమంది అయ్యప్ప మాల వేసుకుంటారు. వాళ్లలో రోజూ తాగేవాళ్లూ ఉంటారు. 41 రోజులు ముట్టనని మొక్కుకుని, ముందురోజు రాత్రి దాకా తాగి, తెల్లవారి చన్నీళ్ల స్నానంతో ఒక్కసారిగా ఆపేస్తారు. ఆ సంకల్పం గొప్పదే. కానీ తర్వాతి నాలుగు రోజులూ ఇంట్లోవాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కనిపెట్టుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి మద్యం హఠాత్తుగా ఆగిపోతే ప్రాణం మీదికి రావచ్చు.

ఆపిన ఆరేడు గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, వాంతులవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో చంపడానికి వస్తున్నారని తలుపు గడియ పెట్టుకుంటారు. జ్వరం, నిద్ర లేకపోవడం, గుండెదడ. గాలి సోకిందని తాయెత్తు కట్టించే వేళ కాదది, 108కి ఫోన్ చేయాల్సిన వేళ. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితికి వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు ఎక్కించి పడుకోబెట్టడమూ ప్రమాదమే. తాగుడుతో బి1 విటమిన్ అడుగంటిన ఒంటికి ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పోటెత్తారు. ఆ జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ రోజులు మనం మరచిపోకూడదు.

భర్త తాగుడు మాన్పించాలని తిరిగే ఇల్లాలికి గోడల మీద పోస్టర్లు కనబడతాయి. అన్నంలో, సాంబారులో తెలియకుండా కలిపి పెట్టమని పొడి అమ్ముతారు. అందులో ఏముందో చెప్పరు. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉన్న సంగతి తెలియక మనిషి తాగితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు. డాక్టరు రాయకుండా, తాగే మనిషికి చెప్పకుండా అలాంటిదేదీ పెట్టకండి. ఇక మూడు నెలల డబ్బు ముందే కట్టించుకుని, ఇంటివాళ్లను కలవనివ్వని డీ-అడిక్షన్ సెంటర్ల దగ్గర ఒక్క మాట అడగండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కాగితం ఉందా, రోజూ చూసే డాక్టరు ఎవరు? జవాబు తేలకపోతే తమ్ముడినో కొడుకునో అక్కడ వదిలి రాకండి.

ఆసుపత్రి ఒంటిని తేరుకునేలా చేస్తుంది. ఇంటికొచ్చాక అదే వీధి, అదే బెల్టు షాపు, సాయంత్రం ఆరయ్యేసరికి అదే స్నేహితుల ఫోను. సాయం ఎక్కువగా కావాల్సింది అప్పుడే. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్ అందుకే. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్నంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టింది ఇది. మాన్పించే గురువులు ఉండరు. తాగి మానినవాళ్లే ఉంటారు. ఒకాయన లేచి పేరు చెప్పి, పెళ్లాం పుస్తెలు అమ్మి తాగానంటాడు. ఎవరూ ఛీ అనరు, అందరూ తలూపుతారు. ఇంట్లో ఎన్నేళ్లు తిట్టినా లోపలికి దిగని మాట అక్కడ దిగుతుంది.

ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. చివర్లో సంచీ తిప్పుతారు, సభ్యులు తోచింది వేస్తారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. చేర్చుకోవడానికి డబ్బు అడిగారంటే అది ఏఏ కాదు. చాలాచోట్ల చర్చి హాల్లోనో బడి గదిలోనో జరుగుతుంది. చర్చి చూసి మతం మారుస్తారేమోనని గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాళ్లున్నారు. ఆ గది చోటు కోసమే, చర్చికీ ఏఏకీ సంబంధం లేదు. డాక్టరిచ్చిన మాత్రలు ఆపేయమని అక్కడ ఎవరైనా చెబితే మాత్రం వినకండి. సభ్యులు వైద్యం చెప్పకూడదన్నది ఏఏ చెప్పే మాటే.

హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో గ్రూపులున్నాయి. దూరం వెళ్లలేనివాళ్లకు ఆన్‌లైన్ మీటింగులున్నాయి. వేళలు, చోట్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తాగే మహిళలు బయటపడరు, వాళ్లకూ ఈ తలుపు తెరిచే ఉంటుంది. ఇంటివాళ్లకు ఆల్-అనాన్ అని వేరే మీటింగులు ఉన్నాయి. ఆయన రానంటే అమ్మా, ముందు మీరు వెళ్లండి.

డిశ్చార్జి రోజునే ఏ మీటింగుకు వెళ్లాలో వార్డులో అడిగి రాసుకోండి. ఆ సాయంత్రమే తోడు వెళ్లండి, వచ్చే ఆదివారం చూద్దామనకండి. దారి తెలియకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కి గానీ, టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి. రెండూ ఉచితమే.