పరీక్షాభయము - శరీరము

పరీక్షలు సమీపించినకొలది మా పాఠశాలలో కొన్ని మాటలు తరచుగా వినబడును. కడుపులో నొప్పియని యొకరు, తల తిరుగుచున్నదని యొకరు, రాత్రి నిద్ర పట్టలేదని యొకరు చెప్పుదురు. చదువనివానికి సాకులు వేయియని పెద్దలు కొట్టివేయుదురు. మేమును చాలకాలము అట్లే కొట్టివేసినవారమే. అది తప్పని మాకు నేర్పిన సంగతి నొకదానిని ముందుగా విన్నవించి, పిమ్మట మా యభిప్రాయమును తెలుపుదుము.

కొన్ని యేండ్ల క్రిందట పదవ తరగతిలో నొక బాలుడుండెను. నల్లబల్లయొద్ద ఏ లెక్క యిచ్చినను తడువుకొనక చేయగలవాడు. అర్ధసంవత్సర పరీక్షనాడు ప్రశ్నపత్రము చేతికందిన కొంతసేపటికే వాని మొగము పాలిపోయెను. అఱచేతుల చెమటకు కాగితము తడిసెను. బయటికి పోయివత్తునని రెండుమార్లు సెలవడిగెను. మూడవమారు అడుగగా మేము, "మగపిల్లవాడవై యుండి యీ పిఱికితన మేమిరా? కూర్చుండి వ్రాయుము" అని యందరియెదుట గద్దించితిమి. వాడు కూర్చుండెను గాని వ్రాయలేదు. మఱునాడు వాని తల్లి వచ్చి, "మేష్టరుగారూ, వారం రోజులనుంచి వాడు అన్నం సరిగా తినటంలేదండి, అర్ధరాత్రి లేచి కూర్చుంటున్నాడండి" అని కన్నీరు పెట్టుకొనెను. వానిది సోమరితనమని తలచినందుకు మేము సిగ్గుపడితిమి.

భయము మనస్సున బుట్టినను దాని పని శరీరమంతటను జరుగును. ఆపద యున్నదని మెదడు తలచినతోడనే నరములద్వారా వార్త పోవును. మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి త్వరితమగును, కాలేయము దాచియుంచిన చక్కెరను రక్తమున కిచ్చును. కండరములకు రక్తము హెచ్చుగా కావలసియుండుటచే కడుపునకును ప్రేవులకును పోవునది తగ్గును. కావుననే కడుపులో త్రిప్పినట్లుండును, నోరెండును, అన్నము సహింపదు. వేళ్ళు చల్లబడును, అఱచేతులు చెమర్చును. అవసరమునకు మించి వడివడిగా ఊపిరి తీయుటవలన రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగును, వేళ్ళు తిమ్మిరెక్కును.

అమెరికా దేశపు శరీరశాస్త్రజ్ఞుడగు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్పులు పోరాటమునకో పలాయనమునకో శరీరము చేసికొను సన్నాహమని వివరించెను. పులి యెదురైనప్పుడు ఈ సన్నాహము ప్రాణము కాపాడును. ప్రశ్నపత్రముతో పోరాడుటకు వీలులేదు. దానిని విడిచి పరుగెత్తుటకును వీలులేదు. కూడిన బలము వెలికిపోవు దారిలేక వణకుగా, దడగా కనబడును. కాబట్టి పిల్లవాడు కడుపునొప్పి యన్నప్పుడు అబద్ధమాడుట లేదని పెద్దలు తెలిసికొనవలెను.

కొంచెము కలత కీడు కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అను పరిశోధకులు చిట్టెలుకలతో ప్రయోగములు చేసి, కష్టమైన పనిని నేర్చుకొనుటకు ప్రేరణ మితముగా నుండుటయే మేలని కనుగొనిరి. కూరకు ఉప్పువంటిది భయము. బొత్తిగా లేకున్నను, మితిమీరినను చెడును. మితిమీరిన దిగులు మనస్సంతయు నాక్రమించి, చదివినదానికి చోటు లేకుండ జేయును.

భయపడుట అవిశ్వాసమని కొందఱందురు. గెత్సేమనే తోటలో ప్రభువు వేదనపడినప్పుడు ఆయన దేహమునకు పట్టిన చెమటనుగూర్చి లూకా సువార్తలో వ్రాయబడియున్నది. దేహము కలతపడుట పాపమని మేము తలపము. పరీక్ష తప్పినవాని బ్రతుకు చెడినదనువారికి 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని జ్ఞాపకము చేయుదుము. వారు మూడవ ప్రయత్నమున గాని మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులు కాలేదు. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో ఫిస్క్ గారితో కలిసి లోకమునకు తెలిపినవారు వీరే.

ఇక చేయదగినవేవి? మొదటిది ఊపిరి. ముక్కుతో 4 లెక్కించునంతసేపు మెల్లగా గాలి పీల్చి, 6 లెక్కించునంతసేపు విడువవలెను. నిమిషమునకు 12 మొదలు 20 వరకు తీయు ఊపిరి యిట్లు 6కు తగ్గును. ఊపిరి విడుచునప్పుడు వేగస్ అను నరము గుండెను నెమ్మదిపఱచును. దీనిని ప్రతిదినము ఇంటియొద్ద అభ్యసింపవలెను. పరీక్షనాడే మొదలుపెట్టుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లగును. రెండవది నిద్ర. ఈ వయస్సువారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. చదివినది మనస్సున కుదురుకొనుట నిద్రలోనే చాలవఱకు జరుగును. రాత్రి కాఫీ త్రాగి మేలుకొనుటవలన లాభముకంటె నష్టమే హెచ్చు. మూడవది అలవాటు. గడియారము ఎదుట నుంచుకొని పాత ప్రశ్నపత్రములకు జవాబులు వ్రాసినవానికి పరీక్షాశాల క్రొత్తచోటుగా తోచదు. నాల్గవది మాట. దిగులును దాచుకొనక తల్లిదండ్రులతోగాని ఉపాధ్యాయునితోగాని చెప్పుకొనవలెను. వారములతరబడి నిద్రాహారములు చెడినయెడల, లేక బ్రతుకుమీద విసుగు పుట్టినయెడల, ఆలసింపక వైద్యుని జూడవలెను. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ వారికి 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇంతవఱకు పిల్లల పని. పెద్దల పని యంతకంటె పెద్దది. మార్కులను మొదటివానినుండి కడపటివానివఱకు తరగతిలో బిగ్గరగా చదువు ఆచారమును మానవలెనని మా దృఢాభిప్రాయము. సిగ్గువలన పట్టుదల పుట్టునని దానిని సమర్థించువారున్నారు. కొందఱికి పుట్టునేమో, కాని కడపట పేరు వినబడిన పిల్లవాడు మఱుసటి పరీక్షకు పాఠముతోపాటు ఆ సిగ్గునుగూడ మోసికొని వచ్చును. ఎవరి మార్కులు వారి చేతికిచ్చిన చాలును. తల్లిదండ్రులును పొరుగింటి పిల్లలతో పోల్చుట మాని, పరీక్షనుండి వచ్చిన బిడ్డను ఎన్ని వ్రాసితివని యడుగుటకుముందు అన్నము పెట్టుదురుగాక.

ఆ బాలుని సంగతి చెప్పి ముగింతుము. అందరియెదుట గద్దించితిమి గనుక అందరియెదుటనే మా తప్పు ఒప్పుకొంటిమి. తరువాత మూడు నెలలు ప్రతి ఉదయము తరగతియంతయు మాతో కలిసి అయిదు నిమిషములు మెల్లగా ఊపిరి తీయుట నభ్యసించెను. పబ్లిక్ పరీక్షలో వాడు ఉత్తీర్ణుడయ్యెను. మొదటివాడు మాత్రము కాలేదు. చేతులు వణకలేదా యని యడిగితిమి. "వణికాయండి. అయినా రాశాను" అనెను. విద్యార్థులారా, వణకని చేతులు మీకు కలుగవలెనని మేము కోరము. వణకినను వ్రాయు చేతులు కలుగుగాకయని కోరుచున్నాము.