ఇంటి పన్ను కొలతల్లో ఇంటి వయసుకు చోటేదీ?

నల్లగొండ, మహబూబ్‌నగర్: పురపాలక సిబ్బంది ఇంటి కొలతలకు వచ్చినపుడు టేపు పట్టి పొడవు, వెడల్పు చూస్తారు. కప్పు స్లాబా, రేకులా, పెంకులా అని రాసుకుంటారు. ఇల్లు ఏ సంవత్సరం కట్టారన్న గడి దగ్గరికి వచ్చేసరికి ఇంటివారు తడుముకుంటారు, రాసేవారు అంచనా వేస్తారు. పన్నులో తేడా తెచ్చే గడి అదే.

1965 నాటి పురపాలక చట్టం ఇంటి తరుగుదలను గుర్తించింది. అద్దె విలువలో స్థలం భాగం పోగా కట్టడానికి చెందిన దానిలో, 25 ఏళ్ల లోపు ఇంటికి నూటికి 10, 40 ఏళ్ల లోపు ఇంటికి 20, ఆపైన 30 వంతున తగ్గించాలన్నది. కట్టడం భాగానికి ఏడాది అద్దె 12,000 రూపాయలనుకుంటే, కొత్త ఇంటికి 10,800 మీద, 40 ఏళ్లు దాటినదానికి 8,400 మీద పన్ను పడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. యజమాని సొంతంగా కాపురముంటే 40 శాతం రాయితీ. తరుగుదల అందులోనే కలిసిపోతుంది. కనుక వయసు లెక్క ముఖ్యంగా అద్దె ఇళ్లకు, దుకాణాలకు. బతుకుదెరువుకు పట్నం పోయి, తాతలనాటి పెంకుటిల్లు అద్దెకిచ్చిన పాలమూరు కుటుంబానికి సొంత కాపురం రాయితీ ఉండదు. ఆ ఇంటికి మిగిలేది వయసు తగ్గింపే. అదీ అంచనాలో పోతే అడిగే దిక్కెవరు?

2018లో పురపాలక సంఘాలైన భూత్పూర్, చండూరు, చిట్యాల వంటి ఊళ్లలో చిక్కు మరింత ఎక్కువ. అక్కడి పాత ఇళ్లలో అనేకం ఏ అనుమతి కాగితమూ లేకుండా లేచినవి. వెనుక మట్టిగోడల దంతెల ఇల్లు, ముందు నిన్న మొన్న వేసిన స్లాబు గది. వీధిలో నిలబడి చూసేవారికి కనబడేది స్లాబే. రెండు భాగాలనూ విడివిడిగా కొలిచి, విడివిడిగా వయసు రాయించుకోవడం ఇంటివారి పనే అవుతున్నది.

2019 చట్టం స్వయం మదింపు తెచ్చి, తప్పుడు వివరాలిస్తే 25 రెట్ల జరిమానా అన్నది. భయపడి ఊరుకోవడం కన్నా రుజువు దగ్గర పెట్టుకోవడం మేలు. రిజిస్ట్రీ దస్తావేజు కొన్న సంవత్సరం చెబుతుంది గాని కట్టిన సంవత్సరం చెప్పదు. పంచాయతీ నాటి ఇంటిపన్ను రశీదులు, మొదటి కరెంటు కనెక్షన్ కాగితం అంతకన్నా గట్టివి. వాటిని జతచేసి, నోటీసులో చెప్పిన గడువులోపల కమిషనర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు రశీదు తీసుకోవాలి.